ఉప్పు కిల్న్‌లో ఆవకాయ జాడీ కాల్చాలనుంది, తెలిసినవాళ్లు చెప్పండి

మామిడితోట:

అందరికీ నమస్తే. నేను నార్త్ కరోలినాలో కేరీలో ఉంటాను. మూడేళ్లుగా కుండలు చేసే వీల్ మీద పని నేర్చుకుంటున్నాను. ఇన్నాళ్లూ ఎలక్ట్రిక్ కిల్న్ (కుండలు కాల్చే బట్టీ), గ్లేజ్ (కాలితే గాజయ్యే పూత) బకెట్‌లో ముంచి తీయడం, అంతే తెలుసు. పోయిన నెల మా టీచర్‌గారికి తెలిసినవాళ్ల ఉప్పు కిల్న్‌లో నాకు అర షెల్ఫ్ చోటిచ్చారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, బయట గ్లేజ్ పూయకుండానే పెట్టేసి, కిల్న్ బాగా ఎర్రగా కాలాక మంటలోకి ఉప్పు వేస్తారు, ఆ ఆవిరే గ్లేజ్ అవుతుంది.

ఆరు పెట్టాను. తలుపు ఇటుకలు తీసి చూస్తే ఏడుపొచ్చింది. మూడింటికి ఒక పక్క మెరుపు, రెండో పక్క ఏమీ లేదు, బిస్కెట్‌లా పొడిగా ఉంది. చిన్న జాడీకి మూత అతుక్కుపోయింది, మెల్లగా తట్టి తీయబోతే అంచు పెచ్చు లేచింది. అదే షెల్ఫ్ మీద వేరేవాళ్ల కూజా ఒకటి ఉంది, చేతిలోకి తీసుకున్నాక కింద పెట్టబుద్ధి కాలేదు. ఒళ్లంతా కమలాపండు తొక్కలా సన్నటి గుంటలు, పిడి అతికించేటప్పుడు బొటనవేలు నొక్కిన పల్లంలో తేనెరంగు గాజు నిలిచి ఉంది.

వచ్చే ఏప్రిల్‌లో అమ్మ వస్తోంది. అప్పటికి మూడు కిలోల ఆవకాయ పట్టే జాడీ ఒకటి ఈ కిల్న్‌లోనే చేయాలని పట్టుదల. ఇందులో ఏడాదిపాటు పుల్లటి, ఉప్పటి, నూనె పచ్చడి పెట్టొచ్చా? ఆ ఉప్పు పచ్చడిలోకి దిగుతుందా? మూత అతుక్కోకుండా ఎలా? అసలు నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సీగ్రోవ్ మట్టి:

నేను మీకు గంటన్నర దూరంలోనే ఉంటానండీ, పదహారేళ్లుగా ఉప్పు కిల్న్‌లోనే కాలుస్తున్నాను, తినడానికి తాగడానికి వాడేవే చేస్తాను. మీరు బకెట్ గ్లేజ్‌కి చేసినట్టే చేసి ఉప్పు కిల్న్‌లో పెట్టారు, తప్పు అక్కడే.

బకెట్ గ్లేజ్ చొక్కా లాంటిది, కింద ఏమున్నా కప్పేస్తుంది. ఉప్పు గ్లేజ్ కప్పదు, ఉన్నదాన్ని పట్టి చూపిస్తుంది. సుమారు 1250 డిగ్రీలు దాటాక ఉప్పు వేస్తే అది ఆవిరై, నీటి ఆవిరితో కలిసి విడిపోతుంది. సోడియం వెళ్లి మట్టిలోని సిలికాని, అల్యూమినాని పట్టుకుని అక్కడికక్కడే గాజు అవుతుంది, క్లోరిన్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరిగా చిమ్నీలోంచి పోతుంది. కాబట్టి మీ పచ్చడిలోకి దిగడానికి ఉప్పంటూ అక్కడ మిగలదు. ఆ గాజు చాలా పలచన, అందుకే అంచు పదునుగా ఉంటే అంచు కనిపిస్తుంది, వేలిగుర్తు ఉంటే అది కనిపిస్తుంది, నున్నగా ఏమీ లేకుండా వదిలేస్తే ఆ ఏమీలేనితనమూ కనిపిస్తుంది. వేల్స్‌లో వాల్టర్ కీలర్ అనే ఆయన చేసిన కూజాల ఫొటోలు చూడండి, రేకు డబ్బాలకి ఉన్నట్టు అంచులు, మడతలు ఉంటాయి, ఉప్పు ఒక్కొక్క మడత దగ్గర ఒక్కోలా ఆగుతుంది. ఆయనా అన్నీ వాడుకునేవే చేశాడు. అంటే అలంకరణ తర్వాత చేసే పని కాదు ఇక్కడ, తడిమట్టి మీదే తేలిపోవాలి.

ఒక పక్క పొడిగా రావడం గురించి. ఆవిరి గాలిలా వెళ్తుంది, ఎదురుగా ఉన్నదానికి తగులుతుంది, దాని వెనక దాక్కున్నదానికి తగలదు. నేను కుండకీ కుండకీ మధ్య కనీసం రెండంగుళాలు వదులుతాను. ఏది మంట వైపు పెట్టాలో వీల్ మీద ఉండగానే అనుకుంటాను.

ఇక లోపల. జాడీ మూతి చిన్నది, అందులోనూ మూత పెట్టి కాలుస్తాం, ఆవిరి లోపలికి సరిగ్గా పోదు. అందుకని లోపలికి విడిగా గ్లేజ్ పోయాలి. 19వ శతాబ్దంలో అమెరికాలో ఊరగాయలకీ, ఉప్పు మాంసానికీ వాడిన జాడీలు చూస్తే బయట ఉప్పు గ్లేజ్, లోపల చాక్లెట్ రంగు పూత ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ దగ్గర అప్పట్లో తవ్వి తీసిన మట్టి అది, నీళ్లలో కలిపి పోస్తే చాలు, ఆ వేడికి అదే గ్లేజ్ అయ్యేది. నేను ఫెల్డ్‌స్పార్, సిలికా, సున్నపురాయి పొడి, కయోలిన్ అనే తెల్లమట్టి కలిపి మామూలు పారదర్శక గ్లేజ్ వాడతాను. లోపల రాగి వద్దు, బేరియం వద్దు, రంగుల మీద ఆశ వద్దు. ముఖ్యంగా అది పగుళ్లు చూపకూడదు. సన్నటి వెంట్రుక గీతలు వస్తే వాటిలోంచి నూనె మట్టిలోకి దిగుతుంది, మట్టి పూర్తిగా గట్టిపడకపోయి ఉంటే అడుగున చెమ్మ కనిపిస్తుంది. గీతలొస్తే సిలికా కాస్త పెంచి మళ్లీ చూడండి. ఒక గిన్నె ముందు కాల్చి, నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా ఉంచండి, పొద్దున అక్కడ మెరుపు తగ్గినా రంగు మారినా ఆ గ్లేజ్ పచ్చడికి పనికిరాదు.

మూత కథ రాత్రికి రాస్తాను, ఇప్పుడు మట్టి ఆరిపోతోంది.

గోదారి పెద్దమ్మ:

అమ్మాయ్, నాకు కిల్న్ సంగతి తెలియదు గానీ జాడీ సంగతి తెలుసు. మా అత్తగారివి మూడు జాడీలున్నాయి, పైన గోధుమరంగు, కింద మీగడ రంగు. కొనేముందు ఆవిడ వేలి కణుపుతో కొట్టి చూసేది, ఖంగుమంటేనే తీసుకునేది. ఇంటికి తెచ్చాక నీళ్లు నింపి, కింద కాగితం వేసి రెండ్రోజులు ఉంచేది. కాగితం తడిస్తే ఆ జాడీ పచ్చడికి వాడేది కాదు.

ఆకారం విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకో. నీ చెయ్యి కాదు, గరిటె పట్టుకున్న నీ చెయ్యి మూతిలో పట్టాలి. మూడో రోజు అడుగునుంచి పైకి తిరగ కలపాలి కదా, మూతి ఇరుగ్గా ఉంటే ముక్కలు నలుగుతాయి. లోపల అడుగు గుండ్రంగా తిరగాలి, మూల ఉంటే పిండి అక్కడ పేరుకుని గరిటెకి రాదు. మూతి అంచు కింద చిన్న మెడలాగా పల్లం పెట్టు, వాసెన (మూతికి కట్టే గుడ్డ) కట్టిన తాడు అందులో కూర్చోవాలి. పల్లం లేని జాడీకి వాసెన కడితే తాడు జారిపోతుంది. మూత ఎంత బాగా చేసినా గుడ్డ గుడ్డే.

సీగ్రోవ్ మట్టి:

పెద్దమ్మగారూ, ఆ మెడ పల్లం మాట బంగారం లాంటి మాట. ఉప్పుకి కూడా అలాంటి చోటే కావాలి, తాడు కూర్చునే గాడిలో గ్లేజ్ చిక్కగా నిలుస్తుంది.

మూత. జాడీ, మూత ఒకే మట్టితో ఒకే రోజు చేయండి, మూత పెట్టే కాల్చండి. విడివిడిగా కాలిస్తే రెండూ రెండు రకాలుగా వంగి, తర్వాత కూర్చోవు. మూత కూర్చునే చోటా, మూత అంచుకీ గ్లేజ్ చుక్క లేకుండా తుడిచేయండి, అల్యూమినా హైడ్రేట్ అనే తెల్లపొడి కలిపిన మైనం రాయండి. తర్వాత అల్యూమినా హైడ్రేట్, కయోలిన్ చెరిసగం తీసుకుని నీళ్లతో చపాతీ పిండిలా కలపండి. శనగగింజంత ఉండలు మూడో నాలుగో చేసి, తెల్ల గమ్‌తో అంచుకి అతికించి, వాటి మీద మూత పెట్టండి. జాడీ అడుగునా అవే, కొంచెం పెద్దవి. సోడియం అల్యూమినాతో అంత తేలిగ్గా గాజు అవదు, అందుకే ఆ ఉండలు అతుక్కోకుండా ఊడొస్తాయి. మీ మూత ఇరుక్కుపోయింది ఇవి లేకే.

కొలత కూడా చూసుకోండి. నా మట్టి తడి నుంచి కాలేసరికి 12 శాతం కుదించుకుపోతుంది. వినడానికి తక్కువే. కానీ ఎత్తూ వెడల్పూ అన్నీ తగ్గుతాయి కాబట్టి లోపల పట్టేది దాదాపు మూడోవంతు పోతుంది. మీ మూడు కిలోల ఆవకాయకి, పైన తేలే నూనెకి కలిపి నాలుగు లీటర్లు అనుకుంటే తడిమీద ఆరు లీటర్లకి లాగాలి. మొదటిసారి నేను ఇది లెక్కేసుకోక చిన్న చిన్న జాడీలు బోలెడు చేశాను.

కూకట్‌పల్లి కుమ్మరి:

అన్నా, నేను హైదరాబాద్‌లో చిన్న స్టూడియో నడుపుతున్నా, ఎలక్ట్రిక్ కిల్న్ ఒకటే ఉంది. మూత ఉన్న మట్టిపెట్టెలో కుండతో పాటు గుప్పెడు ఉప్పు పెట్టి కాలిస్తే ఈ గ్లేజ్ రాదా? గ్యాస్ కిల్న్ కట్టుకునే స్తోమత ఇప్పట్లో లేదు.

రిటైర్డ్ పైపులాయన:

వద్దు బాబూ. నేను నీటిపారుదల, డ్రైనేజీ పనుల్లో ముప్పై ఏళ్లు చేశాను. మన ఊళ్లలో మురుగు లైన్లకి వేసిన గోధుమరంగు స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన మట్టి) గొట్టాలు గుర్తున్నాయా, అవి ఉప్పు గ్లేజ్‌వే. ఐఎస్ 651 అనే భారతీయ ప్రమాణంలో ఒకప్పుడు సాల్ట్ గ్లేజ్‌డ్ అనే పేరుతోనే ఉండేవి. మురుగులో పుట్టే యాసిడ్‌కి కూడా తట్టుకుంటుందనే వాటిని ఎంచుకునేవాళ్లు. ఆ గొట్టాలు కాల్చే ఫ్యాక్టరీకి తనిఖీకి వెళ్లినప్పుడు చూశాను, ఉప్పు వేసిన నిమిషంలో చిమ్నీ మీద తెల్లటి మబ్బు లేచింది, గాలి మా వైపు తిరిగేసరికి గొంతు మండిపోయింది. అక్కడి ఇనుప బద్దీలు పొరలు పొరలుగా తుప్పు రాలుతున్నాయి. మట్టిపెట్టె ఎంత మూసినా ఆ ఆవిరి బయటికొస్తుంది. నీ కిల్న్ వైర్లు పోతాయి, దానికంటే ముందు ఆ గదిలో ఉన్న నీ ఊపిరితిత్తులు.

సీగ్రోవ్ మట్టి:

పెద్దాయన చెప్పిందే నా మాట కూడా. ఇంకో సంగతి, ఒక్కసారి ఉప్పు తగిలిన కిల్న్ ఎప్పటికీ ఉప్పు కిల్నే. గోడలు కూడా మట్టివే కదా, వాటికీ గ్లేజ్ పడుతుంది. తేలికపాటి ఇటుకలైతే తినేస్తుంది. ఇక్కడి పాత కిల్న్‌లలో పైకప్పు నుంచి ఆకుపచ్చటి గాజు బొట్లు కుండల మీద రాలేవి, పాత కూజాల భుజాల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. తమ్ముడూ, స్టోన్‌వేర్ మీద మనసుంటే ఒకసారి పుదుచ్చేరి వెళ్లిరా. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు, ఇండియాలో స్టోన్‌వేర్ చేసే ఎంతోమంది అక్కడ నేర్చుకున్నవాళ్లే. పెద్ద కిల్న్‌లు మంటతో ఎలా నడుస్తాయో చూశాక నీ కిల్న్ సంగతి నీకే తేలుతుంది.

మామిడితోట గారూ, కాల్చే రోజు మీరు అక్కడే ఉండండి, కుండలు ఇచ్చి వచ్చేయకండి. మా కిల్న్ సుమారు 40 ఘనపుటడుగులు. పది, పదకొండు కిలోల ఉప్పు వేస్తాం, ఒక్కసారి కాదు, కాగితం పొట్లాలు కట్టి ఇనుప యాంగిల్ (L ఆకారపు బద్దీ) మీద పెట్టి మంటగదిలోకి బోర్లిస్తాం, పావుగంటకోసారి, దాదాపు రెండు గంటలు. యాసిడ్ ఆవిరికి పనికొచ్చే మాస్క్ లేకుండా దగ్గరికి పోవద్దు. ముందే మన మట్టితోనే ఉంగరాలు చేసి చూసే రంధ్రం ఎదురుగా నిలబెడతాం. సగం ఉప్పు అయ్యాక ఇనుప చువ్వతో ఒకటి లాగి నీళ్లలో వేస్తాం. రంగు అప్పుడే తెలియదు, చల్లారుతూ గాలి తగిలితే మారుతుంది, కానీ గోరు పెట్టి గీస్తే గుంటలు తగులుతున్నాయా లేదా తెలిసిపోతుంది. నున్నగా ఉంటే ఇంకో నాలుగు పొట్లాలు. నేను ఇన్నేళ్ల తర్వాత కూడా ఉంగరం చూడకుండా ఎప్పుడూ ఆపలేదు.

మామిడితోట:

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ పొద్దున నాలుగున్నర కిలోల మట్టి తూచి కూర్చున్నాను. మొదటిది కూలిపోయింది, రెండోది నిలబడింది. గరిటె పట్టుకుని చెయ్యి పెట్టి చూశాను, కుదింపు లెక్కేసి మూతి ఇంకో అంగుళం వెడల్పు చేశాను. మెడ కింద తాడు పల్లం చెక్క ముక్కతో పెట్టాను, లోపల అడుగు మూల లేకుండా తిప్పాను. ఒక చోట బొటనవేలి గుర్తు పడింది, చెరపలేదు, ఆ పక్క మంట వైపు పెట్టమని అడుగుతాను. పెద్దమ్మగారూ, ఒక్క ప్రశ్న మిగిలింది, వాసెన గుడ్డకి మీరు పాత పంచె వాడేవారా, కొత్త గుడ్డా?

గోదారి పెద్దమ్మ:

పాతదే అమ్మా. బాగా ఉతికి, ఎర్రటి ఎండలో ఆరేసింది. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, చెమ్మ పట్టి బూజొస్తుంది.