నిన్న రాత్రి నుంచి మా కుందేలు ఏమీ తినడం లేదు, పెంటికలు కూడా వెయ్యలేదు. ఏం చెయ్యాలి?

బెజవాడ_చెవులపిల్లి
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మా మల్లికి రెండున్నరేళ్ళు, తెల్ల కుందేలు, ఆడది, బరువు దాదాపు 2 కిలోలు. నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది. రాత్రి ఎనిమిదింటికి రోజూలాగే కొత్తిమీర పట్టుకెళ్తే వాసన చూసి మొహం తిప్పేసుకుంది. ఎండకి అలా ఉందేమో అనుకుని కూలర్ ముందు పెట్టి పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే గిన్నెలో పెల్లెట్లు (కొనే మేత గుళికలు) పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ట్రేలో ఒక్క పెంటిక లేదు. మామూలుగా పొద్దున్నే రెండు గుప్పెళ్ళు ఎత్తి పారేస్తాను. ఇప్పుడు మూలకి ముడుచుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది, దగ్గరికి వెళ్తే పళ్ళు కటకటా కొరుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మా వీధి చివర కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. గ్యాస్ అని చెప్పి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ రాశారు, మజ్జిగ తాగించి రేపు చూద్దాం అన్నారు. సిరప్ కొన్నాను కానీ ఇంకా వెయ్యలేదు. తిండి అంటే పెల్లెట్లు, క్యారెట్, ఒక్కోసారి చపాతీ ముక్క, దొరికినప్పుడు గడ్డి. సెలవులకి మా అక్క పిల్లలు వచ్చారు, నాలుగు రోజులుగా బిస్కెట్లు, మామిడిపండు ముక్కలు కూడా పెట్టారని ఇప్పుడే తెలిసింది. టైము పదకొండు అవుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గరికపోచ
ముందు ఆ సిరప్ మూత తియ్యకండి. కుందేలుకి అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇవ్వకూడదు. దాని తిండిలోని పీచు అరిగేది ఎక్కువగా చిన్నపేగు చివర ఉన్న పెద్ద సంచిలో, అక్కడ ఉండే మంచి బ్యాక్టీరియా వల్ల. ఈ మందు వాటిని చంపేస్తే క్లోస్ట్రీడియం లాంటి చెడ్డ బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తాయి, ప్రాణం పోతుంది. ఆంపిసిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్ కూడా అంతే. మనుషులకీ కుక్కలకీ మామూలుగా వాడే మందులే కాబట్టి కుందేళ్ళు అలవాటు లేని డాక్టర్లు రాసేస్తుంటారు. మజ్జిగ కూడా వద్దు.

ఇప్పుడు రెండు పనులు చెయ్యండి. ఒకటి, చెవులు పట్టుకుని చూడండి. చల్లగా ఉంటే వెంటనే కూలర్ ఆపెయ్యండి, థర్మామీటరు ఉంటే మలద్వారంలో మెల్లగా పెట్టి జ్వరం చూడండి. కుందేలు ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, 38 కన్నా దిగిందంటే పరిస్థితి బాగోలేదు. మేలో బయట 42 ఉన్నా సరే లోపల అది చల్లబడిపోతుంది. సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి, వేడనిపిస్తే జరగడానికి చోటు ఉండాలి.

రెండోది పొట్ట. అరచెయ్యి కింద పెట్టి మెత్తగా తడిమి చూడండి. పిండిముద్దలా ఉంటే కొంత నయం. డప్పులా బిగుసుకుని ఉబ్బి ఉంటే నోట్లో ఏమీ పెట్టకండి, లోపల అడ్డు పడి ఉండొచ్చు, అది గంటల్లో తేలిపోయే విషయం.

పళ్ళు కొరుకుతోంది అన్నారు కదా, అది నొప్పి. నిమిరినప్పుడు సంతోషంతో చేసే సన్నని శబ్దం వేరు, ఇది వేరు. దీన్ని జీఐ స్టాసిస్ అంటారు. పేగుల కదలిక మందగిస్తుంది, లోపలిది ఎండి గట్టిపడుతుంది, గ్యాస్ పట్టి నొప్పి పుడుతుంది, నొప్పి వల్ల తినదు, తినకపోతే పేగులు ఇంకా ఆగిపోతాయి. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు. పన్నెండు గంటలు తిండీ పెంటికా లేకపోతే ఎమర్జెన్సీ కిందే లెక్క, మీకు పదిహేను దాటింది. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, లేదంటే ఊళ్ళో కుందేళ్ళు, పక్షులు చూసే డాక్టరుకి ఫోన్ చేసి "కుందేళ్ళు చూస్తారా" అని అడిగి వెంటనే బయల్దేరండి. నొప్పి మందు, చర్మం కింద సెలైన్, ఎక్స్‌రే ఈ మూడూ అడగండి. వెనక దవడ పళ్ళు కూడా చూడమనండి, ఎందుకంటే స్టాసిస్ ఊరికే రాదు, వెనకాల ఏదో కారణం ఉంటుంది.

పాలకొల్లు_తోట
అక్కా, రేపటి దాకా ఆగొద్దు. మా చిట్టిది అచ్చం ఇలాగే మొదలైంది, రాత్రి తినలేదు, పొద్దున తీసుకెళ్దాం అనుకున్నాం. తెల్లారి నాలుగింటికి లేచి చూసేసరికి పక్కకి పడిపోయి ఉంది. కుందేలు జబ్బుని దాచుకుంటుంది, బయటికి కనిపించిందంటే అప్పటికే చాలా ముదిరినట్టు. ఆటో పిలవండి, ఇక్కడ జవాబులు తర్వాత చదువుకోవచ్చు.

బెజవాడ_చెవులపిల్లి
చెవులు మంచులా ఉన్నాయి. 37.6 చూపించింది. పొట్ట మెత్తగానే ఉంది. బయల్దేరాం.

బెజవాడ_చెవులపిల్లి
ఇప్పుడే ఇంటికొచ్చాం, రాత్రి తొమ్మిది. కుందేళ్ళు చూసే డాక్టర్ గారు దొరికారు. ముందు వేడి ప్యాడ్ మీద పడుకోబెట్టి ఒళ్ళు వెచ్చబడ్డాకే మిగతా పని మొదలుపెట్టారు. ఎక్స్‌రేలో అడ్డు ఏమీ లేదు, గ్యాస్ మాత్రం బాగా ఉంది. నొప్పికి ఇంజెక్షన్, మెడ వెనక సెలైన్ ఇచ్చారు. అడ్డు లేదని తేలాకే పేగులు కదలడానికి మందు వేశారు. తర్వాత చిన్న గొట్టం లాంటి దీపం నోట్లో పెట్టి చూసి నన్ను కూడా చూడమన్నారు. కింది దవడ పన్ను ఒకటి లోపలివైపు ముల్లులా పెరిగి నాలుక పక్కన కోసేసింది, అక్కడ తెల్లగా పుండు. ముందు పళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి రెండున్నరేళ్ళుగా ఎవరం లోపల చూడలేదు. పాపం ఎన్నాళ్ళ నుంచి ఆ నొప్పితో నములుతోందో. గురువారం మత్తిచ్చి అరగదీస్తారట.

సిరంజితో ఎలా తినిపించాలో డాక్టర్ గారు చూపించారు కానీ ఇంట్లో పెడితే సగం బయటికి కక్కేస్తోంది. ఇంకోటి, మా అత్తయ్యగారు మత్తిచ్చే ముందు రోజు రాత్రి నుంచి ఏమీ పెట్టకూడదు అంటున్నారు. నిజమేనా?

పశువైద్య_విద్యార్థి
ఖాళీ కడుపు నియమం మనుషులకీ కుక్కలకీ. మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోతుందని అలా చెప్తారు. కుందేలుకి వాంతే రాదు, రాత్రంతా ఖాళీగా ఉంచితే మళ్ళీ స్టాసిస్ వస్తుంది. డాక్టర్ గారిని ఒకసారి అడగండి, నోరు శుభ్రంగా ఉండాలని ఆఖర్లో కాసేపు మాత్రం ఆపమంటారు.

తినిపించేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టకండి. పసిబిడ్డని పొత్తిగుడ్డలో చుట్టినట్టు తువ్వాలులో చుట్టి, మీరు నేలమీద కూర్చుని, మీ పొట్టకి ఆనించుకుని నాలుగు కాళ్ళ మీదే కూర్చోబెట్టండి. ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీ ఉంటుంది, సిరంజి అక్కడ పక్కనుంచి పెట్టాలి, ఎదురుగా కాదు. ఒకసారికి 1 మిల్లీలీటరు చాలు. నమిలి మింగేదాకా ఆగి మళ్ళీ ఇవ్వండి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. క్రిటికల్ కేర్ (జబ్బు కుందేళ్ళకి నీళ్ళలో కలిపి తినిపించే మేత పొడి) అయితే కలిపాక కిలో బరువుకి రోజుకి సుమారు 50 మిల్లీలీటర్లు, అంటే మీ మల్లికి 100, దాన్ని నాలుగైదు సార్లుగా ఇవ్వండి. పొడి అయిపోతే దొరికేదాకా దాని పెల్లెట్లే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసి ఇవ్వొచ్చు. సెరెలాక్, పాలు, అరటిపండు మాత్రం పెట్టకండి.

బొప్పాయి, అనాసపండు రసం తాగిస్తే కడుపులో వెంట్రుకలు కరిగిపోతాయని ఎవరో ఒకరు చెప్తారు, వాళ్ళ మాట వినకండి. అవి వెంట్రుకల్ని కరిగించవు, పైగా ఆ చక్కెరతో గ్యాస్ ఇంకా పెరుగుతుంది.

గరికపోచ
పన్ను అరగదీసినా తిండి మారకపోతే మళ్ళీ అదే వస్తుంది అక్కా. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరిగేది గడ్డి నమిలినప్పుడే. పెల్లెట్లు పటపటా రెండు కొరుకులతో అయిపోతాయి. గడ్డిపోచనైతే దవడ పక్కలకి తిప్పుతూ చాలాసేపు నూరుతుంది, పళ్ళకి కావాల్సింది ఆ నూరడం. పేగులు కదలడానికీ ఆ పీచే. దాని తిండిలో ఎనభై శాతం పైనే ఎండుగడ్డి ఉండాలి, పొద్దస్తమానం ముందు ఉండాలి. తిమోతీ గడ్డి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఖరీదే. నేను సగం అది, సగం గరిక వేస్తాను. మా నాన్నగారు పొలం గట్టు మీద కోసుకొస్తే కడిగి, నీడలో చాప మీద ఆరబెడతాను. మందు కొట్టిన చేలో గడ్డి, రోడ్డు పక్కన కుక్కలు తిరిగేచోట గడ్డి వద్దు. వరిగడ్డిలో బలం లేదు, దాన్నే నమ్ముకోవద్దు. లూసర్న్ అనే పశుగ్రాసంలో కాల్షియం ఎక్కువ, అది కుందేలు పిల్లలకి పెట్టేది, పెద్దదానికి రోజూ వద్దు. పెల్లెట్లు రోజుకి మూడు నాలుగు పెద్ద చెంచాలు మించకుండా మెల్లమెల్లగా తగ్గించండి, ఒక్కరోజులో ఆపెయ్యొద్దు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకులు పెట్టొచ్చు. క్యారెట్ చిటికెన వేలు గోరంత. చపాతీ, బిస్కెట్, అన్నం ఇంక ఇంట్లో ఎవరు పెట్టినా ఆపించండి, పిల్లలకి కోపం రాకుండా చెప్పి వాళ్ళ చేతికే గరిక కట్ట ఇవ్వండి.

బెజవాడ_చెవులపిల్లి
తెల్లారి మూడింటికి సిరంజి పెడదామని లైటు వేస్తే తువ్వాలు మీద మూడు పెంటికలు! నల్లగా, మిరియాల్లా, ఒకటి కోలగా ఉంది. ఏడుపొచ్చేసింది. మా వారిని లేపి చూపించాను.

పశువైద్య_విద్యార్థి
సంతోషమండి. కానీ చిన్నగా నల్లగా ఉన్నాయంటే పేగులు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయని అర్థం, మందులూ సిరంజీ ఆపకండి. బఠాణీ గింజంత అయ్యి, చిదిమితే లోపల గడ్డి పీచు కనిపించేదాకా చూడాలి.

బెజవాడ_చెవులపిల్లి
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. గురువారం పన్ను అరగదీశారు. పొద్దున ఏడింటిదాకా తినిపించే తీసుకెళ్ళాను, డాక్టర్ గారు కూడా అదే చెప్పారు. మత్తు దిగాక ఇంటికి తెస్తే ఆ రోజంతా సిరంజే. శుక్రవారం సాయంత్రం మా అక్క కొడుకు పక్కింటి పెరట్లోంచి గరిక తెచ్చి దాని ముందు పెట్టి కదలకుండా కూర్చున్నాడు. చాలాసేపు వాసన చూసింది. తర్వాత ఒక పోచ చివర పట్టుకుని లోపలికి లాక్కుంటూ నమలడం మొదలుపెట్టింది, దవడ ఒకవైపుకే కాకుండా రెండువైపులా తిరుగుతోంది. వాడు "పిన్నీ, తింటోంది" అని గుసగుసగా పిలిచాడు, గట్టిగా అంటే ఆపేస్తుందని.

ఇవాళ కాటా మీద 1,840 గ్రాములు. ఆదివారం ఆదివారం తూచి పుస్తకంలో రాస్తున్నాను. గరికపోచ గారూ, గరిక నీడలో ఎన్ని రోజులు ఆరబెట్టాలి? మాకు రెండు రోజులకే అడుగున చెమ్మ తగిలింది, అది పెట్టొచ్చా?

గరికపోచ
చెమ్మ ఉన్నది పెట్టొద్దు, బూజు పడితే మళ్ళీ కడుపుకే తగులుతుంది. పలచగా పరిచి రోజుకి రెండుసార్లు తిరగెయ్యండి, ఈ ఎండలకి మూడు నాలుగు రోజులు పడుతుంది. పోచ వంచితే పుటుక్కుమనాలి. అప్పుడు గుడ్డసంచిలో పెట్టుకోండి, ప్లాస్టిక్ కవర్లో వద్దు.