మన ఎంపీ ఎటు ఓటేశాడో చూసి మార్కులు వేయగలమా?

గోదారిగట్టు:
ఆదివారం భోజనాల దగ్గర మా బావమరిదికీ నాకూ పెద్ద వాదన. హైదరాబాద్ ఎంపీ ఒవైసీ ఒక్కడే లోక్‌సభలో నిలబడి కాదనగలడని వాడు. ఓడిపోతుందని తెలిసిన ఓటు ఎన్నిసార్లు వేస్తే ఏం లాభమని నేను. ఆయన 2004 నుంచి వరసగా ఐదుసార్లు గెలిచాడు కాబట్టి లెక్క చూడటానికి పనికొస్తాడు. 2017లో తలాక్ బిల్లుకు ఆయన పెట్టిన ఒక సవరణకు 2 ఓట్లొచ్చాయి, వ్యతిరేకంగా 241. 2019లో ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) బిల్లు 278-6తో, యూఏపీఏ (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) సవరణ 287-8తో నెగ్గాయి. 2023 మహిళా రిజర్వేషన్ బిల్లు 454-2. ఆ ఇద్దరూ ఆయనా, ఆయన పార్టీ ఎంపీ ఇంతియాజ్ జలీలూ. బీసీ, ముస్లిం మహిళలకు కోటా లేదన్నది వాళ్ల అభ్యంతరం. ఇదంతా రికార్డంటారా, షో అంటారా? పార్టీల గొడవ వద్దు, దయచేసి.

ఇరానీచాయ్:
షో ఏందన్నా? ఎన్‌ఐఏ బిల్లు నాడు ఆయన డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టుడు, అడిగిండు కాబట్టే ఆ ఆరుగురెవరో లెక్కకొచ్చింది. అడగకపోతే మూజువాణి ఓటు, ‘అవునన్నవారే ఎక్కువ’, అయిపాయె. నీకీ అంకెలు దొరికినయంటేనే ఎవరో ఒకరు పట్టుబట్టిన్రని అర్థం.

డల్లాస్‌బాబాయ్:
ఇక్కడ మా కాంగ్రెస్ సభ్యుడు ఏ బిల్లుకు ఎటు నొక్కాడో ఫోన్లో క్షణంలో కనిపిస్తుంది. ప్రతినిధుల సభలో 1973 నుంచే ఎలక్ట్రానిక్ ఓటింగ్ ఉంది. ఇక్కడా మూజువాణి ఉంటుంది కానీ పెద్ద బిల్లులకు పేర్లు నమోదవుతాయి. మనవాళ్లకేం అడ్డం?

పాతఫైళ్లు:
బాబాయ్ గారూ, మీటలు మన దగ్గరా ఉన్నాయి, నొక్కించే అలవాటే తక్కువ. రాజ్యాంగ సవరణకైతే మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి కాబట్టి లెక్కపెట్టక తప్పదు. మామూలు బిల్లుకు సభ్యుడు అడగాలి. అడిగినా, అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కు అనిపిస్తే లేచి నిలబడమని తలలు లెక్కపెట్టవచ్చు. లోక్‌సభ 367వ నిబంధన అది. అప్పుడు పేర్లు రాయరు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు బిల్లులకు డివిజన్ కావాలని ప్రతిపక్షం గోల పెట్టినా మూజువాణితోనే కానిచ్చేశారు.

ఇక విప్ సంగతి, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ప్రకారం పార్టీ విప్‌ను కాదని ఓటేసినా, ఓటేయకుండా కూర్చున్నా సభ్యత్వం పోవచ్చు. పార్టీ పదిహేను రోజుల్లో క్షమిస్తే సరే. అసలు ఇంత కఠినం విశ్వాస ఓటుకూ, పార్టీ ప్రధాన విధానాలకూ పరిమితం కావాలని 1992లో సుప్రీంకోర్టు అంది. పార్టీలు వింటేగా! కాబట్టి ఒక మామూలు ఎంపీ ఓటు చూసి మీరు మెచ్చుకున్నా తిట్టుకున్నా, అది ఆయన అధ్యక్షుడికే చెందుతుంది. ఒవైసీకి ఆ బాధ లేదు. ఆయన పార్టీకి ఆయనే అధ్యక్షుడు, తన విప్ తనే. కాదనడానికి ఆయనకయ్యే ఖర్చేముంది?

ఇరానీచాయ్:
ఖర్చు లేదా సార్? 454 మంది ఒకవైపుంటే ‘ఆడవాళ్లకు వ్యతిరేకి’ అన్న పేరు మోయాలె. ఎలక్షన్ల అదే పోస్టర్ అయితది.

గోదారిగట్టు:
నా బాధ వేరే. మన జన్మలో చూసిన అతి పెద్ద బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో ఎలా నెగ్గింది? తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆపి, మూజువాణి ఓటుతో. రాష్ట్రాన్ని రెండు చేసిన బిల్లుకు మా ఎంపీ ఎటు ఓటేశాడో కాగితం మీద లేదు. సమైక్యమన్నవాళ్లకూ రికార్డు లేదు, లోపల సరేనన్నవాళ్లకూ లేదు. ఎవరికి నచ్చిన కథ వాళ్లు చెప్పుకుంటున్నారు.

సింగరేణి:
ఆగు తమ్ముడూ. అంతకు ఐదు రోజుల ముందు అదే సభలో విజయవాడ ఎంపీ లగడపాటి పెప్పర్ స్ప్రే కొట్టింది మర్చిపోయినవా? ఎంపీలు దగ్గుకుంటూ బయటికొచ్చిన్రు. అసొంటి సభల కూసోబెట్టి మీటలు నొక్కించుడు సాధ్యమేనా? మేం అరవై ఏండ్లు ఎదురుచూసినం. లెక్కపెట్టినా బిల్లు నెగ్గేదే, కాంగ్రెస్, బీజేపీ రెండూ ఇటే ఉన్నయ్.

గోదారిగట్టు:
నెగ్గేదే, నేను కాదనట్లేదు అన్నా. అప్పుడు లెక్కపెట్టడానికి భయమెందుకు? పేర్లుంటే మీకూ మేలే. ఎవరు ఇచ్చారో, ఎవరు నటించారో తెలిసేది.

సింగరేణి:
ఆ మాట మటుకు ఒప్పుకుంట. మా దిక్కు నటించినోళ్లు తక్కువేం లేరు.

డల్లాస్‌బాబాయ్:
ఓటు సరే, సొంతంగా బిల్లు పెట్టొచ్చుగా? ఆ లెక్క చూడండి.

పాతఫైళ్లు:
ప్రైవేటు మెంబరు బిల్లులా, అంటే మంత్రి కాని సభ్యుడు పెట్టేవి! శుక్రవారం మధ్యాహ్నం, సగం మంది విమానాశ్రయం దారిలో ఉండగా వాటి వంతు వస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక నెగ్గి చట్టమైనవి 14. చివరిది 1970లో. డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ పెట్టిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లు 2015లో రాజ్యసభ దాటింది, లోక్‌సభలో ఆగిపోయింది. మనకు దగ్గరి ఉదాహరణ కేవీపీ రామచంద్రరావుది, ఏపీకి ప్రత్యేక హోదా కోసం రాజ్యసభలో పెట్టారు. 2016లో ఓటింగ్ ఖాయమనుకుని మా ఆఫీసులో టీవీ ముందు నుంచి ఎవరూ కదల్లేదు. తీరా అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ లేచి ఇది ద్రవ్య బిల్లు, ఇక్కడ ఓటేయడానికి లేదన్నారు. తేల్చమని లోక్‌సభ స్పీకర్‌కు పంపారు. ఓటింగ్ జరగనే లేదు. అందుకే సంఖ్య చూసి మోసపోకండి. ఇరవై బిల్లులు పెట్టినవాడికన్నా ఒక్క బిల్లుతో పెద్ద పార్టీలను ఇరుకున పెట్టినవాడు ఎక్కువ పని చేసినట్టు.

ఇరానీచాయ్:
విప్‌ను తగ్గించాలని కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ కూడా అసొంటి ప్రైవేటు బిల్లే పెట్టిండు కదా. అదీ అట్లనే ఉన్నది.

గోదారిగట్టు:
ఇప్పుడే మా ఎంపీ పేరు కొట్టి వెతికాను. హాజరు శాతం ఉంది. అడిగిన ప్రశ్నలు ఉన్నాయి. ఏ చర్చలో మాట్లాడాడో తేదీలతో ఉంది. ఓటు గడి అసలు లేదు. బావమరిదికి ఫోన్ చేసి చెబితే, ‘మా ఎంపీది నీకు ఒక్క నిమిషంలో దొరికింది కదా బావా’ అని పెట్టేశాడు.