ఏడు నెలలుగా అదే 50 కిలోలు. ఏం మార్చాలి?

కోటగుమ్మం:
నాకు 41 ఏళ్లు, విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం. ఈ సంక్రాంతి వెళ్లాక జిమ్‌లో చేరాను. 20 కిలోల ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టిన బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని రాడ్డును ఛాతీ మీంచి పైకి నెట్టడం) నాలుగు నెలల్లో 50కి వచ్చింది. ఎనిమిదేసి సార్లు, మూడు సెట్లు. అంతే, అక్కడ ఆగిపోయింది. 55 పెడితే నాలుగోసారి రాడ్డు ఛాతీ మీద కూర్చుంటుంది, పక్కనున్న కుర్రాడెవరైనా వచ్చి ఎత్తాలి. వాళ్లు "అంకుల్, ఒక్క నిమిషం" అంటూ వస్తారు. బరువు కన్నా ఆ మాటే ఎక్కువ బరువు.

కండరాలకు అలవాటు పడిపోయే అవకాశం ఇవ్వకూడదని ఒక వీడియోలో చెబితే, రెండు నెలల పాటు వారానికో కొత్త వ్యాయామం చేశాను. ఒక వారం డంబెల్స్, ఒక వారం దండాలు, ఒక వారం కేబుల్ మెషీను. ప్రతి మంగళవారం ఒళ్లు నొప్పులు దండిగా వచ్చాయి, బలం రాలేదు. మళ్లీ బెంచ్ ఎక్కితే అదే 50. మార్చకపోయినా లేదు, మార్చినా లేదు. మరి ఏం చేయాలి?

పెరటి జామ:
ముందు తిండీ నిద్రా సంగతి చెప్పండి. రాత్రి పన్నెండింటికి పడుకుని ఉదయం అయిదింటికి జిమ్‌కు వెళ్లేవాళ్లు నాకు నలుగురు తెలుసు. వాళ్ల బరువులూ కదలవు.

ఆమదాలవలస:
నిద్ర మాట నిజమే కానీ, ఇక్కడ అసలు చిక్కు వేరే అనిపిస్తోంది.

కర్ణం మల్లేశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్ (రాడ్డును నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తరవాత తల పైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు నేను బడిలో ఉన్నాను. మా వైపు ఆడపిల్లలు రాడ్డు పట్టుకోవడానికి అది చాలింది. నేనూ పట్టుకున్నాను. పదహారో ఏట నా స్నాచ్ 45 దగ్గర అయిదు నెలలు మొరాయించింది. నేను రోజూ 45 వేసుకుని రోజూ పడేసేదాన్ని. ఒక రోజు మాస్టారు సున్నం గోడ మీద బొగ్గుతో 35 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి, "నెల రోజులు దీన్ని దాటితే ఇంటికి పంపిస్తాను" అన్నారు. ఆ 35 కూడా మామూలుగా కాదు. రాడ్డు మోకాలి దాకా వచ్చాక ఆపి, రెండు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు లాగాలి. ఎక్కడ నడుము ముందుకు వంగిపోతోందో అప్పుడు తెలిసింది. నెల తరవాత 47.5 ఎత్తాను. పోటీ రోజు ఎత్తే బరువు రోజూ ఎత్తేది కాదని నాకు అర్థమవడానికి ఒక బొగ్గు ముక్క కావలసి వచ్చింది.

మీరు వారానికో వ్యాయామం మార్చడం గురించి. పిల్లాడికి వారానికో బడి మారిస్తే మాస్టార్ల పేర్లు వస్తాయి గానీ ఎక్కాలు రావు. కొత్త కదలిక ఏదైనా మొదట్లో ఒళ్లు నొప్పి పెడుతుంది, అది ఎదుగుదలకు గుర్తు కాదు. నరాలకు ఆ కదలిక అబ్బే లోపే మీరు దాన్ని వదిలేస్తున్నారు. బెంచ్ ప్రెస్‌ను వదలకండి. దాని లోపల మార్చండి: బరువు, ఎన్నిసార్లు, ఎంత నెమ్మదిగా, సెట్ల మధ్య ఎంత విరామం. ఒకసారికి ఒకటో రెండో మార్చి, మూడు నాలుగు వారాలు అలాగే ఉంచండి.

మీ జిమ్‌లో అన్నిటికన్నా చిన్న ప్లేటు ఎంత?

కోటగుమ్మం:
రెండున్నర కిలోలు. నిద్ర ఆరున్నర గంటలు ఉంటుందండి, మధ్యాహ్నం ఇంటి క్యారేజీ.

ఆమదాలవలస:
సగం జబ్బు దొరికింది. చెరో పక్క రెండున్నర అంటే ఒకేసారి 5 కిలోలు, మీ బరువులో పదో వంతు. అంత ఎత్తు మెట్టు ఎవరికైనా కష్టమే. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో కూడా 2005 దాకా 2.5 కిలోల మెట్లే ఉండేవి, ఆ తరవాత ఒక్కో కిలో పెంచుకోనిచ్చారు. కాలికి చుట్టుకునే కిలో పట్టీలు ఒక జత కొని, రాడ్డు చివర్లలో చెరొకటి గట్టిగా చుట్టండి. 52 అవుతుంది.

మూడు వారాలు 40 కిలోలు, పన్నెండేసి సార్లు, నాలుగు సెట్లు. మూడు అంకెలు లెక్కపెడుతూ దించాలి. తరవాత మూడు వారాలు 52తో అయిదేసి సార్లు, అయిదు సెట్లు, మధ్యలో మూడు నిమిషాల విరామం. ఏడో వారం 40తో రెండే సెట్లు. ఆ వారం చేతులు దురద పెడతాయి, ఆగండి. ఎనిమిదో వారం 50 పెట్టి చూడండి. అన్నీ నోటుబుక్కులో రాయండి, ఫోనులో రాస్తే మళ్లీ చూడరు. భుజం ముందు వైపు పోటు పెడితే మాత్రం ఆపేయండి.

తాలింఖానా:
బరువులే అక్కర్లేదు. నేను మూడేళ్లుగా దండాలూ బస్కీలే. తేలికయ్యాక కాళ్లు అరుగు మీద పెట్టాను, అదీ తేలికయ్యాక కింద ఒక క్షణం ఆగడం మొదలుపెట్టాను. కానీ మేడమ్ చెప్పిన సూత్రం ఇదేనని ఇప్పుడు చదువుతుంటే తెలుస్తోంది, కాబట్టి వాదించను.

కోటగుమ్మం (ఎనిమిది వారాల తరవాత):
ఈ రోజు 50 పదకొండు సార్లు లేచింది. 55 ఆరు సార్లు. మొదటి మూడు వారాలు 40 చూసి కుర్రాళ్లు జాలిపడ్డారు. నెమ్మదిగా దించుతున్నప్పుడు కుడి మోచెయ్యి ముందే కిందికి పోతోందని నాకే కనిపించింది, ఎడమ పక్క ఎప్పుడూ వెనకబడేది. ఏడో వారం మాత్రం మీ మాట వినలేదు, ఒక సెట్ ఎక్కువ చేశాను. పట్టీలను ఇప్పుడు జిమ్ కుర్రాళ్లు అడిగి పట్టుకెళ్తున్నారు, ఒకటి కనబడటం లేదు. స్క్వాట్‌కు (భుజాల మీద రాడ్డుతో కూర్చుని లేవడం) కూడా ఇలాగే చేయవచ్చా?

ఆమదాలవలస:
చేయవచ్చు. ముందు ఆ పట్టీ వెతకండి.