నీలగిరి రైలు: ఇంజను కూనూరులోనే ఎందుకు మారుస్తారు?

మీటర్‌గేజ్ మోజు:
మెట్టుపాలయం నుంచి కూనూరు దాకా ఆవిరి ఇంజను, అక్కణ్ణించి ఊటీకి డీజిల్. కూనూరు దాటాక కూడా ఎక్కుడే కదా, మధ్యలో మార్చడం దేనికి? ఇంజను వెనకుండి తోయడమెందుకు? లోయలు, తేయాకు తోటల గురించి వద్దు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. యంత్రం సంగతీ, కూనూరు స్టేషన్లో నిలబడి చూడదగ్గవీ తెలిసినవాళ్ళు చెప్పండి.

పళ్ళచక్రం:
కూనూరులో అయిపోయేది ఎక్కుడు కాదండీ, పళ్ళపట్టీ, అంటే రంపంలా పళ్ళున్న ఇనుప పట్టీ. మెట్టుపాలయం ఎత్తు 330 మీటర్ల లోపు, కూనూరు 1,700 పైచిలుకు. ఈ ఎక్కుడంతా దాదాపు మధ్యలోని కల్లార్ స్టేషన్ నుంచి కూనూరు దాకా ఉన్న 20 కిలోమీటర్లలోనే ఉంది. వాలు 12కి 1 దాకా, అంటే 12 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి ఎక్కేంత దాకా, వెళ్తుంది. అక్కడ మామూలు చక్రం పట్టా మీద జారిపోతుంది. అందుకని పట్టాల నడుమ పక్కపక్కనే రెండు పళ్ళపట్టీలు వేశారు. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు ఉంటుంది, కాబట్టి ఇంజను కింది పళ్ళచక్రాలకు పట్టు ఎప్పుడూ తప్పదు. దీన్నే అబ్ట్ పద్ధతి అంటారు. కూనూరు పైన వాలు సుమారు 25కి 1. దానికి మామూలు చక్రాలే చాలు, డీజిల్ లాగించేస్తుంది.

వెనకుండి తోయడం భద్రత కోసం. కప్లింగ్ తెగినా పెట్టెలు దిగువకు దొర్లిపోకుండా ఇంజను అడ్డుంటుంది. అదొక్కటే నమ్ముకోలేదు లెండి, పెట్టెలకూ పళ్ళపట్టీని పట్టే బ్రేకులున్నాయి, వాటి దగ్గర బ్రేక్స్‌మెన్ నిలబడి ఉంటారు. ముందు దారి డ్రైవరుకు కనబడదు కనుక వాళ్ళ జెండాలే అతనికి కళ్ళు.

బాయిలర్ బాబాయ్:
పై జవాబుకు కొంచెం కలుపుతాను. అసలు గమ్మత్తు కల్లార్ దగ్గర, పళ్ళపట్టీ మొదలయ్యేచోట ఉంది. చక్రం పన్ను సరిగ్గా పట్టీ సందులోనే పడుతుందన్న నమ్మకం లేదు. పన్ను మీద పన్ను ఎక్కితే ఇంజను లేస్తుంది, లేదా పన్ను విరుగుతుంది. అందుకే మొదటి ముక్కను స్ప్రింగుల మీద కూర్చోబెట్టారు. పన్ను తగిలితే అది కిందికి అణిగి, సందు దొరకగానే పైకి లేస్తుంది. అక్కడ బండిని బాగా నెమ్మదిగా పోనివ్వాల్సిందే.

సిలిండర్లు నాలుగు. కింది రెండూ మామూలు చక్రాలను తిప్పుతాయి. వాటిలోంచి వచ్చిన ఆవిరే పై రెండు సిలిండర్లలోకి వెళ్ళి పళ్ళచక్రాలను తిప్పుతుంది. పళ్ళపట్టీ లేనిచోట పై జత ఊరికే ఉంటుంది. బండి కూనూరు చేరబోయే ముందు ఇంజను పక్కభాగం చూడండి: పై రాడ్లు కింది వాటికి ఎదురుదిశలో, వాటికన్నా వేగంగా తిరుగుతుంటాయి. మధ్యలో గేరు ఉండటం వల్లే అలా. చెవిపెట్టి వినేవాళ్ళకు రెండు లయలూ వేర్వేరుగా తెలుస్తాయి.

మీటర్‌గేజ్ మోజు:
చాలా బాగా చెప్పారండీ. ఇంజన్లు ఇప్పటికీ పాత స్విట్జర్లాండువేనా? దిగేటప్పుడు బ్రేకు సంగతేమిటి?

బాయిలర్ బాబాయ్:
ఈ దారిలో నడిచే పళ్ళచక్రాల ఇంజన్లను ఎక్స్ తరగతి అంటారు. వాటిని స్విట్జర్లాండులో వింటర్‌థూర్‌లోని ఎస్‌ఎల్‌ఎం సంస్థ తయారుచేసింది. మొదటివి 1914 నుంచి 1925 మధ్య వచ్చాయి, చివరి జట్టు 1952లో. తర్వాత 2011 నుంచి తిరుచ్చి గోల్డెన్‌రాక్ వర్క్‌షాప్ కొత్తవి కట్టింది, ముందు నూనెతో నడిచేవి, 2021లో బొగ్గుది. కాబట్టి అన్నీ పాతవని అనుకోకండి.

దిగేటప్పుడు చక్రాన్ని నొక్కే బ్రేకు దిమ్మల్నే నమ్ముకుంటే అవి బాగా వేడెక్కి పట్టు పోతుంది. సిలిండర్లనే కంప్రెసర్‌గా మార్చి, గాలిని నొక్కిస్తూ వేగం అదుపు చేస్తారు. వేడెక్కకుండా లోపలికి నీళ్ళు చిమ్ముతారు. పళ్ళపట్టీ మీద గరిష్ఠ వేగం గంటకు 13 కిలోమీటర్లు, అంతే.

ఘాట్ ప్యాసింజర్:
చూసే పద్ధతి చెప్తాను. ఉదయం 7:10కి మెట్టుపాలయంలో కదిలిన బండి పదిన్నర ప్రాంతంలో కూనూరు చేరుతుంది. దిగగానే ఫోటోలకు బోర్డు దగ్గరికి పోకండి, ఇంజను ఊడదీస్తుండగా చూడండి. ఊటీ వైపు బయలుదేరే ముందు బండి కాస్త వెనక్కి నడుస్తుంది, కంగారుపడొద్దు, ఆ స్టేషన్ అమరికే అంత. షెడ్డు స్టేషన్ పక్కనే ఉంది. లోపలికి వెళ్ళాలంటే అనుమతి తీసుకోవాలి. మధ్యాహ్నం ఊటీలో 2 గంటలకు బయలుదేరే బండికి కూనూరు వచ్చాక మళ్ళీ ఆవిరి ఇంజను తగిలిస్తారు. ఎక్కుడు బండి టికెట్టు దొరక్కపోతే ఇది పట్టుకోండి.

వేళలు మారుతుంటాయి, ముందురోజు సరిచూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య కొండచరియలు పడి కల్లార్–కూనూరు మధ్య సర్వీసు తరచూ రద్దవుతుంది. పళ్ళ సందుల్లో ఒక్క రాయి ఇరుక్కున్నా చక్రం లేచిపోతుంది, అందుకే దారి పూర్తిగా శుభ్రపడేదాకా బండి వదలరు. ఆ రోజుల్లో కూడా కూనూరు–ఊటీ బళ్ళు చాలాసార్లు నడుస్తూనే ఉంటాయి, కానీ ఆవిరి ఇంజను కోసమే వెళ్తున్నవాళ్ళు జనవరి దాకా ఆగడం మేలు.