ముసురు పట్టగానే లావెండర్ వాడిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో మేడ మీద కుండీ, రోజుకు ఏడు గంటల ఎండ. మట్టి తడిగానే ఉంది, అయినా కొమ్మలు వాలిపోయి కింది ఆకులు నల్లబడుతున్నాయి. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్ట్ సమపాళ్లలో కలిపాను. నీళ్లు చాలట్లేదా, ఎరువు చాలట్లేదా?

జవాబు 1: రెండూ ఎక్కువయ్యాయండీ. తడి మట్టిలో మొక్క వాలిందంటే వేరుకుళ్లు అనుకోవాలి. దాహమనుకుని మళ్లీ నీళ్లు పోస్తే ఇక అంతే. మొక్కను కుండీలోంచి తీసి ఒక వేరును వేళ్లతో పట్టి లాగండి. తెల్లగా గట్టిగా ఉంటే పర్వాలేదు. గోధుమరంగు తొక్క జారి వచ్చి, సన్నటి దారంలాంటి పోగు మిగిలితే కుళ్లినట్టే. ఆ మట్టిని ఇంకే మొక్కకూ వాడొద్దు.

కొత్త మిశ్రమంలో రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు దొడ్డు ఇసుక లేదా పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికైన తెల్లటి గుళికలు), అర పాలు బాగా చివికిన కంపోస్ట్ చాలు. కోకోపీట్ వద్దు, అది నీటిని పట్టి ఉంచుతుంది. ఇసుక సన్నగా ఉన్నా లాభం లేదు, మట్టితో కలిసి గట్టిపడిపోతుంది. పదంగుళాల మట్టి కుండీ తీసుకుని, కింద పళ్లెం పెట్టకండి. రెండంగుళాల లోతు వరకు ఆరాకే నీళ్లు పోయాలి, అదీ మొక్క మొదలు దగ్గర, ఆకుల మీద పడకుండా. వానాకాలమంతా ఎండ తగిలేలా, వాన పడకుండా చూరు కింద ఉంచాలి.

జవాబు 2: పై జవాబుకు ఒక చేర్పు. రకం కూడా చూసుకోండి. జమ్మూలోని భదర్వాలో సాగయ్యేది ఇంగ్లిష్ లావెండర్, దానికి శీతాకాలపు చలి కావాలి. మన వేడికి, ఆకు అంచులు రంపంపళ్లలా ఉండే డెంటాటా రకం మేలు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత షేడ్‌నెట్ కట్టండి. విత్తనాలతో మొదలుపెట్టడం మాత్రం ఓపిక పరీక్షే: ఇంగ్లిష్ రకాన్ని తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచాలి, ఆ తర్వాత కూడా మొలకలు ఒకేసారి రావు.

ప్రశ్న: వేళ్లు చాలావరకు కుళ్లాయి. పైన కొన్ని కొమ్మలు మాత్రం పచ్చగా ఉన్నాయి. దాన్నేమైనా కాపాడవచ్చా?

జవాబు 1: మొక్కను వదిలేయండి, కొమ్మలను కాపాడండి. పూత లేని లేత కొసలను మూడు నాలుగంగుళాలు, కణుపు కింద కత్తిరించి, కింది సగం ఆకులు తీసేయండి. తడిపి పిండిన ఇసుకలో గుచ్చి, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచండి. పాలిథిన్ సంచి కప్పకపోవడమే మంచిది, ఈ ముసురులో బూజు పడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లు వస్తాయి. మెల్లగా లాగితే పట్టుకున్నట్టు అనిపించినప్పుడు కుండీలోకి మార్చండి. అక్టోబరు నాటికి ఎండలో పెట్టవచ్చు.

జవాబు 2: కొత్త మొక్క ఎదిగాక, పూత అయ్యాక పచ్చటి భాగంలో మూడో వంతు కత్తిరించండి. ఆకుల్లేని ముదురు కాడ దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రావడం కష్టం. యూరియా అసలు వేయకండి, కొమ్మలు సాగిపోయి పూత తగ్గుతుంది.