బండి పెద్దాయన రోజూ "వాచా" అంటున్నాడు, ఏంటండీ అది?

అందరికీ నమస్తే. లండన్ వచ్చి మూడు వారాలైంది, ఈస్ట్‌హామ్‌లో రూమ్. మా బస్టాప్ దగ్గర కూరగాయలమ్మే తెల్ల పెద్దాయన పొద్దున్నే నన్ను చూసి "వాచా" అంటాడు. టైమ్ అడుగుతున్నాడేమో అని మొదటిరోజు చెయ్యి చాపి వాచీ చూపించి "ఎయిట్ ట్వెంటీ" అని కూడా చెప్పా, ఆయన ఒకటే నవ్వు. మర్నాడూ అదే మాట. ఏం చెప్పాలి?

> వాచీ చూపించావా తమ్ముడూ, చంపేశావ్ 😂 "వాట్ చీర్" అనే పాత పలకరింపు నోళ్లలో అరిగి అరిగి "వాచా" అయింది (చీరకీ దీనికీ సంబంధం లేదు, మా ఆయన అలాగే అనుకున్నాడు). చీర్ అంటే ఇప్పుడు హుషారు గానీ పాత ఫ్రెంచి నుంచి వచ్చిన కొత్తలో మొహం అని అర్థం, తర్వాత మొహంలో కనపడే మూడ్, అటునుంచి సంతోషం అయింది. మనం "ఏంట్రా మొహం అలా వేలాడేశావ్" అని మొహం చూసే సంగతి అడుగుతాం కదా, ఆ లెక్క. షేక్‌స్పియర్ టెంపెస్ట్‌లో మొదటి సీన్‌లోనే తుఫానులో ఓడ సరంగు తన కెప్టెన్‌ని "వాట్ చీర్" అంటాడు.
> జవాబుగా రిపోర్ట్ మాత్రం ఇవ్వకు. మనూళ్లో "ఏంటి సంగతులు" అంటే "ఆ, ఏమున్నాయ్" అనేసి పోతామే, అంతే. "ఆల్రైట్" అను, తలూపు, బస్సెక్కు. నేనైతే కొత్తలో పక్కింటావిడ "ఆల్రైట్?" అన్నప్పుడల్లా నా మోకాలి నొప్పి మొత్తం చెప్పేదాన్ని, పాపం చెత్తబుట్ట పట్టుకుని నిలబడి వినేది.

> అక్క చెప్పింది కరెక్టే. "వాట్ ఆర్ యూ" నుంచి వచ్చిందని మా కొలీగ్ వాదించాడు, స్పెల్లింగ్ చూస్తే అలాగే ఉంటుంది గానీ కాదు. ఇంకోటి, ఇది పాతకాలం లండన్ మాట, ఆఫీసులో మేనేజర్ దగ్గర నువ్వు వాడకు బ్రో, వెక్కిరిస్తున్నావనుకుంటారు.

> మాది అమెరికా, రోడ్ ఐలాండ్. మసాచుసెట్స్ వాళ్లు వెలేస్తే రోజర్ విలియమ్స్ అనే పాస్టర్ 1636లో పడవలో ఇటొచ్చాడు, ఒడ్డునున్న నరగాన్సెట్ తెగవాళ్లు (ఇక్కడి మూలవాసులు) "వాట్ చీర్, నెటాప్" అని పలకరించారని ఇక్కడ చెప్పుకుంటారు. నెటాప్ అంటే వాళ్ల భాషలో నేస్తం. ఇక్కడి ప్రావిడెన్స్ సిటీ ముద్ర మీద ఇప్పటికీ "వాట్ చీర్" అని ఉంటుంది, అయోవాలో అయితే ఏకంగా ఒక ఊరి పేరే అది.

థాంక్స్ అక్కా, అన్నలూ. ఇవాళ నేనే ముందు "ఆల్రైట్" అన్నా. ఆయన వాచీ లేని చెయ్యి పైకెత్తి చూసుకుని "ఎయిట్ ట్వెంటీ" అన్నాడు.