రాణిగంజ్ ఆకురాయి చాలదా, దిగుమతి టూల్ కిట్టే కావాలా?

తార్నాక కొత్తబండి:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. వాడి కోసం, నా కోసం కూడా, హెచ్.ఓ. (అసలు రైలులో 87వ వంతు సైజు) మోడల్ రైలు సెట్ ఒకటి కొన్నాం. ఎనిమిదడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్ మీద ఒక గుండ్రం పట్టా, రెండు పాయింట్లు (పట్టా రెండుగా చీలే చోట్లు) వేశాం. ఇంజిన్ బాగానే తిరుగుతోంది. ఒక గూడ్స్ వ్యాగన్ మాత్రం పాయింట్ దగ్గర రోజూ పడిపోతోంది. పనిముట్లంటూ ఇంట్లో ఉన్నవి ఒక స్క్రూడ్రైవర్, ఒక కటింగ్ ప్లయర్. పనిముట్లకి నేను పెట్టగలిగింది నాలుగు వేలు. తెలిసినాయన వచ్చే నెల విదేశం నుంచి వస్తూ మోడల్ రైళ్ళ టూల్ కిట్ తెస్తానంటున్నారు. డబ్బంతా దానికే పెట్టేయాలా, లేక ఇక్కడే విడివిడిగా కొనుక్కోవాలా? ముందు ఏది కొనాలి?

మల్కాజిగిరి లూప్‌లైన్:
కిట్ వద్దన్నా. చార్‌కమాన్ వైపు కంసాలి పనిముట్లమ్మే షాపులకి ఒక పూట వెళ్ళండి. సన్న మొన చిమ్టాలు, సూది ఆకురాళ్ళ సెట్టు, సన్న బ్లేడు కంసాలి రంపం, ఈ మూడూ తెచ్చుకుంటే సగం పని అయిపోయినట్టే. మనం వాడే పట్టా నికెల్ సిల్వర్. పేరులో వెండి ఉన్నా అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం. గాజులూ గొలుసులూ కోసే రంపానికి అది లెక్కలోది కాదు.

నేను పట్టా కోసే పద్ధతి చెప్తాను. పట్టా కింద చిన్న చెక్కముక్క పెడతాను. పైన ఇంకో చెక్కని వేలితో గట్టిగా నొక్కి పడతాను. బ్లేడు పళ్ళు పిడి వైపు తిరిగి ఉండాలి, అంటే కిందికి లాగినప్పుడే కోయాలి. బ్లేడుకి కొవ్వొత్తి మైనం ఒకసారి రాస్తే పట్టేయకుండా జారుతుంది. కోడ్ 100 అనే రకం పట్టా ఎత్తు అంగుళంలో పదో వంతు, 2.54 మి.మీ. తొందరపడకుండా లాగితే నిమిషంలోపే తెగుతుంది. తర్వాత సూది ఆకురాయితో అడుగున కోతకి లేచిన గరుకు అంచులు తీసేయాలి. అవి ఉంటే జాయినర్ (రెండు పట్టా ముక్కల్ని కలిపే చిన్న రేకు) ఎక్కదు. పద్నాలుగేళ్ళుగా ఇంతే చేస్తున్నాను.

మియాపూర్ ఎన్‌స్కేల్:
రంపం సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. నాది ఎన్ స్కేల్, హెచ్.ఓ. కంటే చిన్న సైజు, పట్టాల మధ్య 9 మి.మీ. మాత్రమే. మార్కెట్లో కొన్న మొదటి చిమ్టా మొనలు ఒకదాన్నొకటి సరిగ్గా కలిసేవి కావు. కప్లర్ (పెట్టెల్ని కలిపే కొక్కెం) స్ప్రింగ్ పట్టుకుంటే చాలు ఎగిరి ఎటో పోయేది. అంతకంటే పెద్ద నష్టం స్క్రూడ్రైవర్ చేసింది. జపాన్ తయారీ స్క్రూల తల మీది గాడి మన మామూలు ఫిలిప్స్ లాంటిది కాదు, జె.ఐ.ఎస్. అనే వేరే కొలత. మెత్తటి లోహంతో చేసిన ఫిలిప్స్ పెట్టి తిప్పాను. తల అరిగిపోయింది. రెండు నెలలు ఆ ఇంజిన్ మూలపడింది.

పట్టా కటర్ కూడా అంతే. మంచి కటర్‌కి ఒక వైపు చదునుగా ఉంటుంది. మనకి కావలసిన ముక్క వైపు ఆ చదును పెట్టి నొక్కితే మొన శుభ్రంగా వస్తుంది, రెండు మూడు సార్లు ఆకురాయి తగిలిస్తే చాలు. తార్నాక గారూ, కిట్ తెప్పించుకోండి. అబ్బాయి చేతికిచ్చే పనిముట్టు మొదటి రోజే చెడగొట్టేదై ఉండకూడదు.

మల్కాజిగిరి లూప్‌లైన్:
చిమ్టా కొనేటప్పుడు వెలుతురుకి ఎత్తి మొనలు కలిపి చూసుకోవాలి కదన్నా. పది చూస్తే రెండు మంచివి దొరుకుతాయి. కిట్‌లో అయితే ఆ ఎంచుకునే అవకాశం కూడా ఉండదు. పైగా అందులో ఇరవై వస్తువులుంటే వాడేది ఆరు.

లాలాగూడ రిటైర్డ్ ఫిట్టర్:
బాబూ, ఇద్దరూ కోయడం గురించీ పట్టుకోవడం గురించీ వాదిస్తున్నారు. ఆ అబ్బాయి వ్యాగన్ పడిపోతున్నది దానివల్ల కాదు. కొలవకపోవడం వల్ల.

నేను వర్క్‌షాప్‌లో చక్రాల పని చేసినవాణ్ణి. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య 1676 మి.మీ. ఉంటే, ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 1600 ఉండాలి. ఆ కొలత తప్పిన చక్రాన్ని బండికి ఎక్కించనిచ్చేవాళ్ళం కాదు. మోడల్‌లోనూ సూత్రం అదే. హెచ్.ఓ.లో పట్టాల మధ్య 16.5, చక్రాల లోపలి ముఖాల మధ్య 14.4 దగ్గర. (ఈ 16.5 అనేది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌ని 87తో భాగించిన లెక్క. మన బ్రాడ్‌గేజ్‌ని భాగిస్తే 19 దాటుతుంది.) ఆ దూరం తగ్గితే, పాయింట్ దగ్గర చక్రాన్ని దారిలో ఉంచడానికి పట్టా లోపలి పక్కన వేసే చెక్ రైలుకీ, ఇటువైపు పట్టాలు కలిసే చోట వంగి ఉండే వింగ్ రైలుకీ చక్రాల లోపలి ముఖాలు బిగుసుకుని పైకెక్కుతాయి. వ్యాగన్ అక్కడే పడుతుంది, ప్రతిసారీ అక్కడే.

కాబట్టి తార్నాక బాబూ, మొదటి డబ్బు వెర్నియర్ కాలిపర్‌కి పెట్టు. రాణిగంజ్‌లో దొరుకుతుంది. నోరు మూసినప్పుడు సున్నా చూపిస్తోందో లేదో షాపులోనే చూసుకో. పైనున్న చిన్న దవడలు చక్రాల మధ్య పెట్టి మెల్లగా తెరువు. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ మూడు చోట్ల కొలువు. మూడూ ఒకేలా రాకపోతే చక్రం వంకర. సరిచేయాలంటే రెండు చక్రాలూ రెండు చేతుల్లో పట్టుకుని మెలిపెడుతూ లాగాలి, కానీ వెంట్రుకవాసి మాత్రమే. మరీ జరిపితే మధ్యలో రెండు చక్రాలకీ కరెంటు కలవకుండా ఆపే ఇన్సులేషన్ బుష్ వదులై షార్ట్ అవుతుంది.

రెండో డబ్బు ఎన్.ఎం.ఆర్.ఏ. (అమెరికా మోడల్ రైళ్ళ సంఘం) గేజ్‌కి. అరచేతిలో పట్టే స్టీలు రేకు, అంచుల్లో గాట్లు ఉంటాయి. పట్టా మీద పెడితే గేజ్, పాయింట్‌లో చక్రం అంచు పోయే సందు, అన్నీ క్షణంలో తెలుస్తాయి. దీన్ని మాత్రం దిగుమతిదే తెప్పించు. ఆకురాయి, చిమ్టా, రంపం ఎక్కడ కొన్నా చేతి పనితనంతో నెట్టుకురావచ్చు. తప్పుగా కొలిచే పనిముట్టుని ఏ పనితనమూ కాపాడలేదు.

చిక్కడపల్లి వైరింగ్:
ఫిట్టర్ గారి మాట అక్షరాలా నిజం. నేనొకటి కలుపుతాను. మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ లేకుండా ఈ హాబీ సాగదు. రెండూ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పట్టాకి వైరు అతికించడానికి 25 వాట్ల ఐరన్ మొన బాగుంటే సరిపోతుంది. సోల్డర్ 63/37 (63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం) అడగండి, 183 డిగ్రీలకే చప్పున కరిగి చప్పున గట్టిపడుతుంది. ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి రాసేది) రోసిన్‌దే తీసుకోండి. పైపులకి వాడే యాసిడ్ పేస్ట్ వాడితే కొన్నాళ్ళకి జాయింట్ పచ్చబడి తినేస్తుంది. అతికించే చోటికి రెండు వైపులా తడి దూది పెట్టండి, లేకపోతే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. మా తమ్ముడు దూది మర్చిపోయి ఆరు స్లీపర్లు పోగొట్టాడు.

ఒక విషయంలో నా పట్టుదల చెప్తాను. జాయినర్లన్నీ సోల్డర్ చేసేయమని చాలామంది చెప్తారు. మన ఊళ్ళో వద్దు. మేడ మీద గదిలో జనవరి రాత్రికీ మే మధ్యాహ్నానికీ 25 డిగ్రీల తేడా మామూలే. దానికి మీటరు పట్టా సుమారు 0.4 మి.మీ. సాగుతుంది. సాగే చోటు లేకపోతే పట్టా పక్కకి వంగుతుంది. వంపుల్లో జాయింట్లు అతికించండి, తిన్నటి పట్టాలో సందులు వదిలి, ప్రతి ముక్కకీ విడిగా వైరు ఇవ్వండి.

మియాపూర్ ఎన్‌స్కేల్:
దీనితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పోయిన వేసవిలో నా పట్టా సరిగ్గా ఇలాగే వంగింది. ఫిట్టర్ గారి గేజ్ మాట కూడా ఒప్పుకుంటాను. స్క్రూడ్రైవర్ విషయంలో మాత్రం నా మాట మారదు. మంచి సెట్ ఒకటి కొనాల్సిందే.

మల్కాజిగిరి లూప్‌లైన్:
సరే, స్క్రూడ్రైవర్ మీ లెక్కలో వేసుకోండి. క్లీనింగ్ గురించి ఎవరూ అనలేదు. నేనైతే 1000 నంబర్ ఎమ్రీ కాగితంతో పట్టా రుద్దుతాను. మా ఇంటి ముందు మెయిన్ రోడ్డు, వారానికోసారి దుమ్ము పేరుకుంటుంది.

చిక్కడపల్లి వైరింగ్:
అన్నా, దయచేసి అది ఆపండి. ఆ గీతల్లోనే మళ్ళీ మురికి కూర్చుంటుంది, అందుకే మీకు వారానికోసారి అవసరమవుతోంది. ఉన్ని బట్టకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. కిటికీలు తెరిచి, కరెంటు ఆపి. స్టీల్ ఊల్ అయితే ఇంట్లోకే రానివ్వకండి. దాని నూగు ఇంజిన్ మోటార్ అయస్కాంతానికి అంటుకుంటే మోటార్ పోతుంది.

మల్కాజిగిరి లూప్‌లైన్:
ఒక నెల ఆపి చూస్తాను. తేడా ఉంటే ఇక్కడే చెప్తాను.

తార్నాక కొత్తబండి:
ఆదివారం అబ్బాయీ నేనూ రాణిగంజ్, తర్వాత కోఠి తిరిగొచ్చాం. కాలిపర్, సూది ఆకురాళ్ళు, రెండు చిమ్టాలు (వెలుతురుకి పెట్టి చూసే కొన్నాం), ఐరన్, సోల్డర్, చవక మల్టీమీటర్ వచ్చాయి. కిట్ వద్దని చెప్పి, ఆయన్ని గేజ్ రేకూ జె.ఐ.ఎస్. స్క్రూడ్రైవర్లూ మాత్రం తెమ్మన్నాను. రంపం చేతిలో మిగిలే డబ్బుని బట్టి.

ఇంటికి రాగానే వ్యాగన్ తిరగేసి కొలిచాం. మూడు ఇరుసులు 14.4, 14.3, 14.4. నాలుగోది 13.8. ఫిట్టర్ గారు చెప్పినట్టే మెలిపెట్టి లాగాం, మూడోసారికి 14.4 వచ్చింది. మల్టీమీటర్ బీప్ పెట్టి చూస్తే రెండు చక్రాల మధ్య షార్ట్ లేదు. అబ్బాయి పాయింట్ మీదుగా ముప్పై రెండు సార్లు నడిపాడు, ఒక్కసారీ పడలేదు. ఇప్పుడు వెనక వైపు వంపులో ఒక జాయింట్ దగ్గర ఇంజిన్ నెమ్మదిస్తోంది. తడి దూది సిద్ధంగా పెట్టుకున్నాం. చిక్కడపల్లి గారూ, ఐరన్ మొన పట్టాకి బయటి వైపు పెట్టాలా, లోపలి వైపా?

చిక్కడపల్లి వైరింగ్:
బయటి వైపే. లోపల సోల్డర్ బొట్టు మిగిలితే చక్రం అంచు దాన్ని ఎక్కుతుంది.